పొగ మీద వ్యాసం, ఆకు మీద వేలం

విద్యార్థులారా, రండి! ‘వర్ధమాన దేశాల్లో పొగతాగడం వల్ల జరిగే నష్టాన్ని తగ్గించడమెలా?’ అని మీకో వ్యాసరచన పోటీ పెడదామనుకుంటున్నాం. సర్కారుకూ శాస్త్రవేత్తలకూ కొరుకుడుపడని చిక్కు కాబట్టి ఎనిమిదో తరగతికి అప్పజెబుతున్నాం. వేదిక దర్శి. ఇంతకన్నా తగిన చోటు దొరకదు. చుట్టూ పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, పొదిలి దాకా వెళ్తే పొగాకు వేలం కేంద్రం. ఇక నియమాలు వినండి.

ఒకటి: పోటీ మే 31న, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినాన జరుగుతుంది. ఆ రోజు బడులకు వేసవి సెలవులని మాకూ తెలుసు. ఖాళీ తరగతిలో ఎవరూ పొగతాగరు గనుక సగం లక్ష్యం నెరవేరినట్టే.

రెండు: తాగేవాణ్ని ఎంతైనా తిట్టవచ్చు. పుర్రె బొమ్మ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ మార్కులు. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక ఉండాలన్న నిబంధన 2016 నుంచే అమల్లో ఉంది. బంకులో ఒక్క సిగరెట్ విడిగా కొనేవాడికి ఆ పెట్టె ఎప్పుడు కనబడుతుందని మాత్రం రాయకూడదు.

మూడు: బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెప్పింది. అంత దూరం కొలిచి పసుపు గీత గీయమని కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. గీత గీసే పని మీదే. మధ్యలో బంకు అడ్డొస్తే టేపు తప్పని రాసుకోండి.

నాలుగు: నష్టమంటే పీల్చేవాడి ఊపిరితిత్తులకు జరిగేదే. మంచుకు తడిసిన ఆకు రెలిచే కూలీ ఒంట్లోకి చర్మం గుండా నికోటిన్ దిగుతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. సాయంత్రానికి చేతులకు పట్టిన నల్లటి జిగురు సబ్బుకు లొంగదు, ఆ చేత్తో కలిపిన అన్నం ముద్ద చేదెక్కుతుంది. ఆమె మీ సిలబస్‌లో లేదు. బ్యారన్ కింద కాలిపోయే చెట్లూ లేవు.

ఐదు, అన్నిటికన్నా ముఖ్యం: ‘అసలు పొగాకు ఎందుకు వేస్తున్నారు?’ అని అడగరాదు. అడిగితే రైతు దోషి కాడని తేలిపోతుంది. పొగాకుకు 1976లోనే బోర్డు వచ్చి గుంటూరులో కూర్చుంది. ఎంత పండించాలో అదే చెబుతుంది, బ్యారన్‌కు లైసెన్సిస్తుంది, దగ్గరుండి వేలం వేయిస్తుంది. పసుపు బోర్డు ప్రారంభం కావడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. కందికి ఇప్పటికీ లేదు. అదే 2025లో నల్లబర్లీ రకం పొగాకు ధర కుప్పకూలితే రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది. కొనకుంటే రైతు మునిగేవాడు, నిజమే. కానీ ఆ పొలంలో మరో పైరు వేసినా నిలబెడతామన్న భరోసా ఎవరిచ్చారు? పొగాకు రైతుకు గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయం చూపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలో 17వ అధికరణం ఉంది. 2004లో మన దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. సంతకం ఢిల్లీలో ఉంది, పంట దర్శిలో ఉంది, మధ్యలో మీ వ్యాసం ఉంటుంది.

గురజాడ వారి నాటకంలో గిరీశం దగ్గర శిష్యుడు వెంకటేశం నేర్చిన విద్య చుట్ట కాల్చడం. ఆ గురువు తాను తాగిందే శిష్యుడికి నేర్పాడు. ఒక చేత్తో వేలం వేయించి, రెండో చేత్తో పొగ ముట్టనని ప్రతిజ్ఞ చేయించలేదు. ఆ లెక్కన మనకన్నా ఆయనే నిజాయితీపరుడు.

గెలిచినవారికి మెమెంటో, మిగిలినవారికి సర్టిఫికెట్. వ్యాసాలు మాత్రం బీరువాలోకి పోతాయి. మీరేం రాస్తారో మాకు ముందే తెలుసు: పన్ను పెంచండి, విడి సిగరెట్ ఆపండి, గీత లోపలి బంకు ఎత్తేయండి, పొగాకుకున్న దిక్కు కందికీ చూపండి. ఇవన్నీ పెద్దవాళ్లు చేయాల్సిన పనులు. చేయాల్సి వస్తుందనే కదా, పిల్లలకు పోటీ పెట్టేది!