బిల్లు పెట్టని కాంట్రాక్టరు

మన తీరానికి ఇన్నాళ్ళకి సరైన కాంట్రాక్టరు దొరికాడు. టెండరు వెయ్యడు, అడ్వాన్సు అడగడు, సిమెంటులో ఇసుక కలపడు. తుపానొస్తే ఊరొదిలి పోడు. మోకాలిలోతు బురదలో నిలబడి అలని మెడపట్టి ఆపుతాడు. పేరు మడచెట్టు. 1999 సూపర్ సైక్లోన్‌లో వెడల్పాటి మడ అడవి అడ్డున్న ఒడిశా కేంద్రపడా ఊళ్ళలో చావులు తగ్గాయని పరిశోధకులు లెక్కతీసి మరీ చెప్పారు. కాబట్టి చెట్టుతో నాకే పేచీ లేదు. చెట్టుని ముందు నిలబెట్టి వెనకాల దాక్కున్న పెద్దమనుషులతోనే.

వీళ్ళు సభల్లో ‘ప్రకృతి ఆధారిత రక్షణ’ అంటారు, ‘ప్రజల భాగస్వామ్యం’ అంటారు. పంపకం కూడా చక్కగా చేశారు. గుంట తవ్వడం ఊరి వాటా, దండ వేయించుకోవడం వాళ్ళ వాటా. మొక్క బతికితే అటవీశాఖ ఘనత, చస్తే ఊళ్ళో గేదెల నేరం.

1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ఊడ్చుకుపోయాక మన తీరమంతా సరుగుడు తోటల మీద పడింది. 2004 సునామీ తర్వాత తమిళనాడులో ప్రపంచబ్యాంకు డబ్బుతో అదే సరుగుడు ‘బయోషీల్డ్’ అయి కూర్చుంది. ఇసుక ఖాళీగా కనిపిస్తే చాలు, మొక్క. ఆఫీసు మ్యాపులో ఖాళీయే మరి! ఒక్కసారి పొద్దున్నే ఏ రేవుకైనా వెళ్ళి ఆ ఖాళీని చూడండి. ఒకపక్క తెప్పలు, ఫైబరు బోట్లు ఎక్కించి ఉంటాయి. ఇంకోపక్క ఆడవాళ్ళు కవ్వళ్ళు ఎండబోసి కాకుల్ని తోలుతుంటారు. మధ్యలో పెద్దవల తాళ్ళు రెండు భుజానేసుకుని రెండు బారులుగా మనుషులు వెనక్కి వెనక్కి అడుగేస్తూ లాగుతుంటారు. సరుగుడు వరుసలు అల అంచుదాకా దిగితే వాళ్ళు వెనక్కి ఎటు నడవాలి? చెట్టెక్కి లాగాలి కాబోలు.

అదే ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వాటికీ ఖాళీ నేలే కావాలి. తాబేలు నోరులేని జీవి, పాపం. దాని తరఫున శాస్త్రవేత్తలొచ్చి గట్టిగా వాదించారు, మంచిపని చేశారు. మత్స్యకారుడికి నోరుంది కదా, అర్జీ పెట్టుకోమన్నారు.

కోరంగికి వద్దాం. 1978లో అభయారణ్యమైంది. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని చెక్కవంతెన మీద నడుస్తూ, మడ వేళ్ళ ముందు నిలబడి సెల్ఫీలు తీసుకోవచ్చు. ఆ వంతెన కట్టకముందు నుంచీ అదే బురదలో పీతలు పట్టుకున్న మనిషి మాత్రం ఎండుపుల్లల మోపుతో దొరికితే కథ వేరు.

“ఎవర్నడిగి కొట్టావు?”

“కొట్టలేదండి బాబూ, రాలినయ్యేనండి.”

“అడవిలో రాలినా అడవిదే.”

నిజమే, చట్టం అంతే. అయితే కాకినాడ దుమ్ములపేట దగ్గర 2020లో ఇళ్ళ స్థలాల పేరుతో మడచెట్లు కూల్చి నేల చదును చేసినప్పుడు ‘ఎవర్నడిగి’ అన్న ప్రశ్న వెయ్యడానికి హరిత ట్రిబ్యునల్ దాకా పోవాల్సొచ్చింది. మోపుకైతే గార్డు చాలు.

ఉప్పెన కూడా రూల్సు చదువుకునే వస్తుందని మన ఢిల్లీవాళ్ళ నమ్మకం. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల జాగా వదలాలి. మడ ప్రైవేటు భూమిలో ఉంటే అక్కర్లేదు. అంటే అల ఒడ్డెక్కాక ముందు పట్టాదారు పాసుపుస్తకం చూడాలన్నమాట.

ఇక రొయ్యల చెరువులు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ జోన్‌లోని చెరువులు మూసెయ్యమంది. 2005లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి వాటికి దారిచ్చింది. పోనీ, రిజిస్ట్రేషన్ లేకుండా చెరువు నడిపితే మూడేళ్ళదాకా జైలని ఆ చట్టంలోనే రాశారు. అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తి తెచ్చినవాళ్ళకి వన్యప్రాణి చట్టంలో ఉన్నదీ మూడేళ్ళదాకా జైలే. చెరువాసామికీ, పుల్లలావిడకీ ఒకే త్రాసు! ఈ దేశంలో అంతటి సమానత్వం ఎంతకాలం ఉంటుంది? 2022లో వన్యప్రాణి చట్టం సవరించి జరిమానాని 25 వేల నుంచి లక్షకి పెంచారు, జైలు అలాగే ఉంచారు. 2023లో రొయ్యల చట్టం సవరించి జైలు తీసేశారు, ఇప్పుడు అక్కడ ఉన్నవి జరిమానా లాంటివే.