ఒక్క నిమిషం చూసి పెట్టేస్తా: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఒక్క నిమిషం చూసి పెట్టేస్తా.”

అవతారిక: సాయంత్రం అయిదింటికల్లా మేనేజరుకు పంపాల్సిన ఎక్సెల్ షీటు ఎదుట తెరిచి ఉండగా, వంటింట్లోంచి “ఏవండీ, సిలిండర్ బుక్ చేశారా?” అని వినబడగా, ఇంటి నుంచే ఉద్యోగం వెలగబెడుతున్న నాయకుడు ఫోను అందుకుంటూ పలికిన వాక్యమిది. ఆ ఇల్లు కూకట్‌పల్లిలోదని ఒక సంప్రదాయం, మధురవాడలోదని మరొకటి. పలికిన అరగంటకు నాయకుడు, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు అడవిలో మట్టితో ఈతకొలను కట్టుకోవడం చూస్తున్నాడు.

మెదక్ దగ్గరి కొల్చారంవాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత మొదటి ఒట్టు మాత్రమే పెట్టుకున్నాడు.

ప్రతిపదార్థం:

ఒక్క = ఒకటి మొదలుకుని ఎన్నైనా.

నిమిషం = రెప్పపాటు కాలం. రెప్పపాటు లేదు గనుకనే దేవతలు అనిమిషులు. తెర చూసేవాడు మామూలుకన్నా తక్కువసార్లు రెప్ప వేస్తాడని కంటి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. రెప్ప పడనివాడికి నిమిషం ఎలా గడుస్తుంది? కాబట్టి నాయకుడు అబద్ధమాడలేదు. ఈ దేవత్వం కళ్లు మండి చుక్కల మందు వెతుక్కునేదాకానే.

చూసి = క్త్వార్థకం. బళ్లో అసమాపక క్రియ అన్నారు, అంటే ముగియనిది. ఒకప్పుడు పేజీ అడుగున ‘తర్వాతి పేజీ’ అని ఒక మీట ఉండేది. నొక్కాలా వద్దా అని వేలు కాస్త తటపటాయించేది, ఆ సందులో సిలిండర్ గుర్తొచ్చే అవకాశం ఉండేది. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ మీటతో పని లేకుండా అంతులేని స్క్రోలింగ్ తయారుచేశాడు. తర్వాత తానే నొచ్చుకున్నాడు, కానీ అప్పటికి సందు పూడిపోయింది.

సరే, దేన్ని చూసి? ఇదీ వాక్యానికి ఆయువుపట్టు. కర్మ లేదు. కర్త కనబడకపోవడం తెలుగులో మామూలే, ‘నేను’ అని పనిగట్టుకుని ఎవరూ అనరు. కర్మ లోపిస్తే మాత్రం క్రియ దారినపోయేదాన్నల్లా పట్టుకుంటుంది. ఫోను అందుకున్నప్పుడు నాయకుడి మనసులో కర్మ సిలిండరే. అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ డబ్బుల గొడవ కనబడగానే కర్మ ట్యాంకరైంది. అక్కడ ఇద్దరికి జవాబిచ్చాక పెదనాన్నగారు పంపిన గులాబీ అయింది, మేనకోడలి సంగీత్ వీడియో అయింది, ఆఖరికి మట్టి ఈతకొలను అయింది. నాయకుడికి నిగ్రహం లేదని లోకం తిడుతుంది. ఆ మాట నేను ఒప్పుకోను. ఫోను తెరిచే ముందు కర్మను గట్టిగా పట్టుకోకపోవడమే అతని నేరం. మిగతాదంతా తెర చేసిన పని.

పెట్టేస్తా = ఇది భవిష్యత్తా, తద్ధర్మమా? ‘రేపు పెట్టేస్తా’ అన్నా ‘రోజూ ఇలాగే పెట్టేస్తా’ అన్నా తెలుగులో రూపం ఒకటే. నాయకుడిది మొదటి పక్షం, ఆయన భార్యది రెండోది.

ఆక్షేపం: “అష్టావధాని ఒకేసారి ఎనిమిది పనులు చక్కబెట్టగా లేనిది, నేను రెండు చేయలేనా?” అని నాయకుడు.

సమాధానం: చేయలేడు. అవధాని ముందు సమస్య ఇచ్చేవారు, దత్తపది ఇచ్చేవారు, అక్షరాలు నిషేధించేవారు, వారివారి చోట్లలో కూర్చుంటారు. ఎవరిది ఏ అంశమో ముందే తెలుసు. ఒకరి తర్వాత ఒకరికి జవాబు. పక్కదారి పట్టించడానికి అప్రస్తుత ప్రసంగి ఒక్కడే. ఫోనులో ఎనిమిదిమందీ అప్రస్తుత ప్రసంగులే, పైగా గంట కొట్టేదీ వాళ్లే. అవధాని చివర్లో పద్యాలన్నీ ధారణ చేస్తాడు. నాయకుణ్ణి ధారణ అడిగితే ‘సిలిండర్’ అన్న ఒక్క మాటే రాదు.

మనసు అణువంతదని, ఒక క్షణంలో ఒక ఇంద్రియంతోనే కూడుతుందని నైయాయికుల మతం. పని మార్చినా పాత పని తాలూకు ధ్యాస కొంత మనసుకు అంటుకునే ఉంటుందని 2009లో సోఫీ లెరాయ్ పరిశోధన చూపింది. అందుకే ఎక్సెల్‌కు తిరిగొచ్చాక కూడా నాయకుడు వీలుకప్ ఫార్ములా మధ్యలో ఆగి, ట్యాంకర్‌కు ఫ్లాటుకు ఎంతో లెక్కేశాడు.

అలంకారం: అతిశయోక్తి. గ్లోరియా మార్క్ అనే ప్రొఫెసర్ కొలతల్లో, 2004 ప్రాంతంలో ఒక తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన మనిషి ధ్యాస ఇటీవలి ఏళ్లలో 47 సెకన్లకు పడిపోయింది. నాయకుడు నిండు నిమిషం వాగ్దానం చేశాడు.

తాత్పర్యం: సిలిండర్ బుక్ కాలేదు.

పాఠాంతరం: “సిలిండర్ బుక్ చేసి పెట్టేస్తా” అని కొన్ని ప్రతుల్లో. ఇక్కడ కర్మ ఉంది, చూపుకు చోటు లేదు. నాకు ఇదే సాధువని తోస్తుంది. యాప్ టైమర్ పెట్టుకోమనేవారు ఉన్నారు గాని, అది సమయం కాగానే ‘ఇంకో పదిహేను నిమిషాలా?’ అని తనే బేరానికి దిగుతుంది. ఫోను ముట్టుకునే ముందు కర్మను చీటీ మీద రాసి ఎడమచేత పట్టుకోవాలని ఒక వ్యాఖ్యాత. నాయకుడు అలాగే రాశాడని, చేతిరాత ముచ్చటగా కుదిరిందని ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాడని, ఎవరెవరు చూశారో అరగంట చూసుకున్నాడని తాళపత్ర ప్రతిలో అధికంగా ఒక భాగం కనబడుతుంది. ప్రక్షిప్తమని నాయకుడి వాదం. భార్య దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది.