కెమెరా ఆన్ చేయండి, పని సంగతి తర్వాత

ఉదయం పది గంటలప్పుడు ఎల్బీనగర్ వైపు వెళ్లే మెట్రో అమీర్‌పేట దాటాక ఒకసారి చుట్టూ చూడాలి. పెట్టెకి నలుగురైనా ఆఫీసు మీటింగులో ఉంటారు. చెవిలో ఇయర్‌బడ్, కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్. పంజాగుట్ట వచ్చేసరికి ఒక కుర్రాడి వంతు వస్తుంది. మ్యూట్ తీసి "నిన్నటి బగ్ ఫిక్స్ చేశా, ఇవాళ టెస్టింగ్‌కి ఇస్తున్నా" అంటాడు. సరిగ్గా అప్పుడే తర్వాతి స్టేషన్ ఎర్రమంజిల్ అని నెత్తిమీది స్పీకరు మూడు భాషల్లో చాటుతుంది. అవతల మేనేజరు గొంతు సవరించుకుంటాడు.

"ఒకసారి కెమెరా ఆన్ చేస్తావా?"

"నెట్ వీక్‌గా ఉందండీ."

లక్డీకాపూల్‌లో దిగేదాకా నెట్ వీక్‌గానే ఉంటుంది. బగ్ మాత్రం నిజంగానే ఫిక్స్ అయింది. ఏ లైను మార్చాడో, ఎన్ని గంటలకు మార్చాడో రికార్డులో ఉంది. అయితే అది తెలియాలంటే మేనేజరు ఆ లింకు తెరవాలి, చదవాలి, కాస్తో కూస్తో అర్థం చేసుకోవాలి. మొహం చూడ్డానికి ఈ తిప్పలేవీ అక్కర్లేదు.

ఈ తెరమీది హాజరు కొవిడ్‌తో పుట్టిందని ఐటీ వాళ్ల నమ్మకం. పాతికేళ్ల కిందట సైఫాబాద్ సచివాలయం చుట్టూ తిరిగిన విలేకరులు ఒప్పుకోరు. 1990ల చివర్లోనే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 23 జిల్లాల కలెక్టర్లను తెరమీద కూర్చోబెట్టి వీడియో కాన్ఫరెన్సులు పెట్టేవారు. జూమ్ కంపెనీ పుట్టింది 2011లో. ఆ కలెక్టర్లకు వెనక గోడను మసకబార్చే బ్లర్ లేదు, ఆఫ్ బటన్ నొక్కే గుండె లేదు. నెట్ వీక్ అందామన్నా ఆ లైన్లు వేయించింది సాక్షాత్తూ ప్రభుత్వమే. కాకపోతే వాళ్లు కూర్చున్నది కలెక్టరేట్లో. పడగ్గదిలో కాదు.

అసలు చిక్కు ఆ పడగ్గది దగ్గరే వచ్చింది. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ లేడీస్ హాస్టళ్లలో ఫోర్ షేరింగ్ గది అంటే నాలుగు మంచాలు, ఒక కిటికీ, ఒక ప్లగ్ పాయింటు కోసం నాలుగు చార్జర్ల పోరు. అందులో ఒకమ్మాయి దిండుమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కెమెరా ఆన్ చేస్తుంది. వెనక దండెం మీద ఆరేసిన బట్టలు, మూలన బక్కెట్టు, వార్డెన్ కంట పడకుండా దాచిన ఇండక్షన్ స్టవ్వు. తలకి టవల్ చుట్టుకుని బాత్రూంలోంచి వచ్చిన రూమ్మేట్ కెమెరాకి చిక్కకుండా వంగి, గోడవారగా నడిచి, తన మంచం చేరుకుంటుంది. ఆమెకి ఆ కంపెనీ ఆఫర్ లెటర్ ఇవ్వలేదు, జీతం వేయలేదు. ఆమె మాత్రం రోజూ నడుం వంచి ఆ కంపెనీ మీటింగుకి హాజరవుతోంది.

అరిజోనా విశ్వవిద్యాలయంలో అప్పుడు పనిచేస్తున్న ఆలిసన్ గేబ్రియెల్ బృందం 103 మంది ఉద్యోగులను నాలుగు వారాలపాటు గమనించి, 2021లో ఫలితాలు ప్రచురించింది. కెమెరా ఆన్‌లో ఉన్న రోజుల్లో అలసట పెరిగిందని, ఆ భారం ఆడవాళ్ల మీద, కొత్తగా చేరినవాళ్ల మీద మరీ ఎక్కువగా పడిందని తేల్చింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ చెప్పిన కారణాల్లో ఒకటి, గంటల తరబడి మన మొహం మనమే చూసుకోవాల్సి రావడం. "అందరూ కెమెరా ఆన్ చేయాలి" అని మెయిల్ పెట్టే సారు మాత్రం తరచూ "ట్రావెలింగ్"లో ఉంటారు. ఆయన స్థానంలో రెండు ఇంగ్లిషు అక్షరాలున్న రంగు బిళ్ల మాట్లాడుతుంది.

మేనేజర్ల బాధ అబద్ధమని కాదు. పన్నెండు నల్లగళ్ల ముందు కూర్చుని "వినపడుతోందా?" అని ముప్పావు గంట మాట్లాడటం మనిషి చేసే పని కాదు. తొలి పరిచయానికి, వీడ్కోలుకి మొహం చూపించమనడంలో న్యాయముంది. దొంగాట భయమూ ఉత్తది కాదు. దాని సంగతి మైత్రీవనం దగ్గర ఏ టీకొట్టులో నిలబడ్డా తెలుస్తుంది. ప్రాక్సీ ఇంటర్వ్యూలో కెమెరా నిక్షేపంగా ఆన్‌లోనే ఉంటుంది. అభ్యర్థి పెదవులు కదుపుతుంటే పక్కనుంచి ఇంకొకరు ప్లేబ్యాక్ పాడతారు. జాబ్ సపోర్టులో మొహం న్యూజెర్సీది, రాత్రంతా కోడ్ రాసే వేళ్లు అమీర్‌పేటవి. ఇన్ని విద్యలు నేర్చినవాడు కెమెరాకి దొరకడు. దొరికేది బక్కెట్టు ఉన్న అమ్మాయే.

నెదర్లాండ్స్‌లో ఒకాయన ఈ పంచాయితీని కోర్టుదాకా తీసుకెళ్లాడు. ఫ్లోరిడాకు చెందిన సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటినుంచి పనిచేసే ఆయన్ని రోజుకు తొమ్మిది గంటలు వెబ్‌క్యామ్ ఆన్‌లో ఉంచమన్నారు. కాదన్నందుకు 2022లో ఉద్యోగం పీకేశారు. అది వ్యక్తిగత జీవితంలో చొరబడటమేనని కోర్టు తేల్చింది. కంపెనీకి సుమారు 75 వేల యూరోలు వదిలాయి.

మన దగ్గరా గోప్యత ప్రాథమిక హక్కే. సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలతో ఆ మాట చెప్పింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మాత్రం ఉద్యోగ అవసరాల కోసమైతే సమ్మతి లేకుండానే ఉద్యోగి సమాచారాన్ని వాడుకోవచ్చని యజమానికో వెసులుబాటు ఇచ్చింది. ఉద్యోగి వెనకున్న రూమ్మేట్ టవల్ ఏ అవసరం కిందికి వస్తుందో చట్టంలో రాయలేదు.

అందరికీ శకునం చెప్పిన బల్లి సంగతి 2023 ఆగస్టులో బయటపడింది. ఆఫీసుకి 50 మైళ్ల లోపు ఉన్న ఉద్యోగులు వారానికి రెండు రోజులు స్వయంగా రావాలని జూమ్ కంపెనీ తన సొంతవాళ్లకే తాఖీదిచ్చింది. 2025 జూన్‌లో గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ ఒక పాడ్‌కాస్ట్‌లో, ఇంటర్వ్యూల్లో కనీసం ఒక రౌండ్ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేస్తామన్నారు. ఆ రౌండుకి ప్రాక్సీ రేటు ఎంతన్నది అమీర్‌పేట ఇంకా ఖరారు చేయలేదు.