పనికస్తది

మా బాపు ఇంకో టేబుల్ ఫ్యాను తెచ్చాడు. అది తిరగదు. ఇంతకు ముందు ఇంట్లో ఉన్న రెండూ తిరగవు. మూడింటినీ విప్పి కలిపితే ఒకటి తిరుగుతుందని ఆయన లెక్క. ఎవరో పాత సామాన్లకు వేసేస్తుంటే ఆపి, డబ్బులిచ్చి మరీ తెచ్చాడట. అవ్వ ఈ సంగతి ఫోన్లో చెప్తుంటే ఆమె గొంతులో కోపం కూడా లేదు. అది ఎప్పుడో అయిపోయింది.

మహారాష్ట్రలోని సిరోంచలో మాది గూనపెంకల ఇల్లు. పేరుకు మూడు గదులూ ఒక అటకా. నడిమి గదిలోకి పోవాలంటే పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి నడవాలి. అక్కడ కడిగి, ఆరబెట్టి, సైజుల వారీగా దారం చుట్టిన పాల కవర్ల కట్టలుంటాయి. పెళ్లిళ్లలో పంచిన చేతిసంచులుంటాయి. ఆ సంచుల మీద పేర్లున్న జంటల్లో కొందరు విడాకులు కూడా తీసుకున్నారు, సంచులు మాత్రం గట్టిగా ఉన్నాయి. 2015 గోదావరి పుష్కరాల నీళ్లు, 2022 ప్రాణహిత పుష్కరాల నీళ్లు వేర్వేరు సీసాల్లో, చీటీలు అంటించి మరీ ఉన్నాయి. ప్రాణహిత మా ఊరిని ఆనుకునే పారుతుంది, ఇంకొంచెం దిగువన గోదావరిలో కలుస్తుంది. రెండూ ఎటూ పోలేదు.

ఏది ముట్టుకున్నా ఒకటే మాట: "ఉండనియ్ రా, పనికస్తది."

ఈ సామాను వదిలించడానికి మేం ముగ్గురు పిల్లలం మూడు దారులు పట్టాం. కరీంనగర్ నుంచి అన్న దీపావళికి వచ్చి ట్రాక్టరు మాట్లాడాడు. బాపు ట్రాక్టరతనికి చాయ్ పోసి, మాటల్లో పెట్టి, ఆ బండిలోంచే పాత టైరు ఒకటి దింపించుకున్నాడు. చంద్రపూర్ నుంచి అక్క శాస్త్రం పట్టుకొచ్చింది. ఇది రోగమేననీ, 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ పుస్తకంలో దీనికి వేరే పేరు పెట్టి ఎక్కించారనీ ఫోన్లో చూపించింది. బాపు కళ్లద్దాలు సర్దుకుని చివరిదాకా చదివాడు. "పేరైతే పెట్టిన్రు బిడ్డా, మందు పెట్టిన్రా?"

నాది దొంగదారి. తెల్లారేలోగా ఒక గోనెసంచి నిండా కవర్లూ డబ్బాలూ కుక్కి చెత్తబండిలో వేశాను. బాపు ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ బడిలో చదువు చెప్పినవాడు, ఊళ్లో సగం మంది ఆయన శిష్యులే. నేను పళ్లు తోముకునేలోపు బండబ్బాయి సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. "గురూజీ, మీ సంచి పొరపాటున వచ్చింది."

ఇంత జరిగాక మామూలు మనిషైతే కొంచెం తగ్గుతాడు. బాపు మాత్రం డైనోసార్‌ను దింపాడు.

అబద్ధం కాదు. మా తాలూకాలోనే పోచంపల్లి ఉంది. 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వచ్చి అక్కడ తవ్వితే బరపాసారస్ అనే రాక్షసబల్లి బయటపడింది. మూడు వందలకు పైగా ఎముకలు. రవీంద్రుడి శతజయంతి ఏడాది తవ్వకాలు కాబట్టి శాస్త్రీయ నామంలో ఠాగూర్‌నూ చేర్చారు. ఇప్పుడా ఎముకల గూడు కలకత్తాలో నిలబడి ఉంది. ఆ తవ్వకాలప్పుడు బాపు మీసాలు మొలుస్తున్న కుర్రాడు. పోచంపల్లికి వెళ్లాడో లేదో ఎవరికీ తెలియదు కానీ, గోతి గట్టు మీద కూర్చుని దుమ్ము దులిపినట్టే చెప్తాడు.

"మనోళ్లంత రాళ్లనుకున్నరు. భూమి పారేసిందా? కోట్ల ఏండ్లు దాచింది. ఇయ్యాల మ్యూజియంల పెట్టిన్రు."

"భూమికి జాగా ఉంది బాపూ. మనకు మూడే గదులు."

"దానికి తలకాయ దొరకలే, ఎర్కేనా? తలకాయ లేకుంటే పారేసిన్రా?"

అది కూడా నిజమే. ఆ తవ్వకాల్లో పుర్రె దొరకలేదు, కొన్ని పళ్లు మాత్రం దొరికాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో మూత లేని మిక్సీకి, పిడి లేని గొడుగుకి, గంట కొట్టని గడియారానికి రాక్షసబల్లి హోదా వచ్చింది. ఏదైనా తీసి పడేయబోతే "తలకాయ లేదనేనా?" అంటాడు. వచ్చిన చుట్టాలను వడదం శిలాజాల పార్కుకు తీసుకెళ్లి, రాయైపోయిన చెట్టు మొద్దు చూపించి, మా వైపు ఓరగా చూస్తాడు. అక్క కొడుకు వచ్చినప్పుడు ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు: "తాతా, ఆ బల్లి కూడా ఇట్లనే దాచి దాచి చచ్చిపోయిందా?" ఆ పూట బాపు అన్నం తినలేదు. మర్నాడు మనవడికి బహుమానంగా పనిచేయని కాలిక్యులేటర్ ఇచ్చాడు.

అసలు చిక్కు బాపు కాగితాల సందుగతో వచ్చింది. మహారాష్ట్రలో ఓబీసీ కులపత్రం కావాలంటే 1967 అక్టోబరు 13కు ముందు నుంచీ ఇక్కడివాళ్లమే అని రుజువు చూపాలి. అన్న కూతురి కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాక, బాపు సందుగ తెరిచి, పది నిమిషాల్లో తన నాలుగో తరగతి దాఖలా తీసిచ్చాడు. మడత దగ్గర చిరిగితే ఎప్పుడో గోధుమపిండి జిగురుతో అతికించి పెట్టాడు. ఆ ఒక్క కాగితం గెలిచిన గెలుపును ఇప్పుడు ఇంట్లోని చిత్తంతా పంచుకుంటోంది.

ఆ సందుగను నేనూ తిరగేశాను. బాపు పుట్టినప్పుడు మా ఊరు సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్‌లో ఉంది. బడిలో ఉండగా మధ్యప్రదేశ్ అయింది. 1956 నవంబరులో బొంబాయి రాష్ట్రం, 1960 మేలో మహారాష్ట్ర. జిల్లా మొదట చాందా, తర్వాత చంద్రపూర్, 1982 ఆగస్టు నుంచి గడ్చిరోలి. ఆయన మాత్రం ఆ గూనపెంకల కిందే ఉన్నాడు. ఇంట్లో తెలుగు, కాగితంలో మరాఠీ. ఒకదాంట్లో ఇంటిపేరు చివర 'వార్' ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు, ఆ ఇద్దరూ ఒకరేనని ప్రమాణం చేసే అఫిడవిట్ మూడోది. ఇక మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక మా వైపు ఊళ్లలో పొలాలు మునిగినవాళ్లకు సాత్‌బారా అనే భూమి కాగితం విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. నువ్వెవరివి, ఎక్కడివాడివి అని ఇన్నిసార్లు అడిగితే ఏ మనిషైనా ఏ చీటీ పారేయాలో, ఏది ఉంచాలో తేల్చుకోలేడు. కవర్లు దాచడం కూడా అక్కడే మొదలైందేమో.

అయితే ఆ సందుగలో అవ్వ పేరున్న కాగితం కోసం వెతికితే రేషన్ కార్డులో రెండో వరుస మాత్రమే దొరికింది. పొట్ట లోపలికి పీల్చి నడవడం ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆమెకే అలవాటు. ఆమె సామాను మొత్తం వంటింటి గూట్లో ఒక అర.

అందుకని ఈసారి ట్రాక్టరూ లేదు, శాస్త్రమూ లేదు. నడిమి గదిలో అవ్వకు ఒక మంచం పట్టేంత జాగా కావాలని అడుగుతాం, అంతే. నోటితో చెప్తే గాలికి పోతుంది, తెల్లకాగితం మీద ముగ్గురం సంతకాలు పెట్టి ఇద్దామని అక్క సలహా. మంచం సంగతి ఎలా ఉన్నా, ఆ దరఖాస్తు మాత్రం మా మనవల కాలం దాకా భద్రంగా ఉంటుంది.