కోశాధికారి గారి డిపాజిట్

మా ఊరి సేవా క్లబ్బుకి నన్ను కోశాధికారిని చేసినప్పుడు, అంతకుముందు ఆ పని చూసినవాళ్లంతా నాకు దుబారా మనుషుల్లా కనిపించారు. వేసవిలో చలివేంద్రం, ఆ తర్వాత కంటి శిబిరం, బడి తెరిచాక పిల్లలకు నోటుపుస్తకాలు. వచ్చింది వచ్చినట్టే ఖర్చు. నా హయాంలో అలా జరగకూడదనుకున్నాను.

జరగనివ్వలేదు కూడా. సభ్యుల చందాలది ఒక ఖాతా, జనం ఇచ్చిన విరాళాలది ఇంకో ఖాతా. జనం సొమ్ము క్లబ్బు సొంత ఖర్చులకు వాడకూడదు. ఆ నియమాన్ని నేనింకాస్త సాగదీసి, అసలు దేనికీ వాడకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసేశాను. ముట్టుకోకపోవడమే నిజాయితీ అని నా లెక్క. చందాల మీద మాత్రం అంత భక్తి లేదు. జులైలో కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారానికి శాలువాలు, మెమెంటోలు, విందు. ఆ బిల్లులకు కిమ్మనకుండా చెక్కులు రాశాను.

మే నెలలో మా ఫ్రీజర్ బాక్సు కంప్రెసర్ పోయింది. పిల్లలు అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చేదాకా శవాన్ని ఉంచే పెట్టె అది. మేం చేసే పనుల్లో ఊరికి నిజంగా అక్కరకొచ్చేది అదొక్కటేనని ఇప్పటికీ అనుకుంటాను. బాగుచేయించాలంటే డిపాజిట్ కదపాలి. "జూన్‌లో మెచ్యూరిటీ కదండీ, ఇప్పుడు తీస్తే వడ్డీ కోస్తారు" అన్నాను. కోసే వడ్డీ మా వేదిక మీది పూలదండల ఖర్చుకి కూడా సరిపోదు. స్తోమతున్నవాళ్లు పక్క టౌను నుంచి పెట్టె అద్దెకు తెచ్చుకున్నారు, లేనివాళ్లు ఐసు దిమ్మలు పేర్చుకున్నారు. ఫోన్ చేసినవాళ్లకి "రిపేరులో ఉందండీ" అని చెప్పేవాణ్ణి. పంపితే కదా!

ఆడిటర్ దగ్గరికి పుస్తకాలు పట్టుకెళ్లిన రోజు నా నడకే వేరు. ఆయన మెచ్చుకోలేదు. పన్ను మినహాయింపు ఉన్న ధర్మసంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం తన ఆశయాలకు ఖర్చుపెట్టాలట. 15 శాతం దాకా ఊరికే దాచుకోవచ్చు. అంతకుమించితే ఎందుకోసమో రాసి ఒక ఫారం దాఖలు చేయాలి, 5 ఏళ్లలోగా ఆ పనికే వాడాలి. లేకపోతే పన్ను. వడ్డీ పోతుందని నేను వణికిన సొమ్ముకి అసలుకే ఎసరొచ్చేలా ఉంది.

"సరే, ఫారం నింపుదాం. ఈ డబ్బు దేనికోసం దాచారు?" అన్నాడు.

ఎంత ఆలోచించినా ఒకటే తట్టింది. "వడ్డీ వస్తుందనండీ."

"అది రాయడానికి వీల్లేదు," అన్నాడు పెన్ను మూసేసి.