మూడు షిఫ్టుల పెళ్లి

శ్రీకాకుళం జిల్లాలో ఎవరినైనా జంషెడ్‌పూర్ గురించి అడగండి, కాసేపు ఆలోచిస్తారు. టాటా అనండి, ‘మా మేనమామ అక్కడే’ అంటారు. 1907లో ఉక్కు కంపెనీ పుట్టింది. కంపెనీకి మనుషులు కావాలి, మావాళ్లకి కూడు కావాలి. అలా మూటాముల్లే సర్దుకుని వచ్చినవాళ్ల సంతానం మేం. కద్మాలో, సోనారీలో, గోల్మురీలో ఎక్కడ చూసినా ఉంటాం. ఇంట్లో శ్రీకాకుళం, వీధిలో హిందీ, కోపమొస్తే రెండూ.

ఇక్కడ పెళ్లి కుదిరిందంటే పంతులుగారు పంచాంగం తీసేలోగా పెళ్లివారు డ్యూటీ చార్టు తీస్తారు. ఎ షిఫ్టు పొద్దున్న ఆరుకి, బి షిఫ్టు మధ్యాహ్నం రెండుకి, సి షిఫ్టు రాత్రి పదికి. శని పట్టినా శాంతి చేయించుకోవచ్చు గానీ, సి షిఫ్టుకి ఏ శాంతీ లేదు.

ఇలాంటి ఊళ్లో మా అన్నయ్య కూతురు, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్ల, ‘చిన్నాన్నా, నా పెళ్లికి ఒక అర్థం ఉండాలి’ అంది. వంటింట్లోంచి మా అమ్మ, ‘అర్తం లేకుండానేటే మీ తాత నన్ను మనువాడింది?’ అంది. తాతగారు, అంటే మా నాన్న, రోలింగ్ మిల్లులో రిటైరైన మనిషి, పేపరు కొంచెం పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ముందు డిమ్నా చెరువు గట్టు అనుకున్నారు. దల్మా కొండల కింద, ఊరికి తాగునీరిచ్చే జలాశయం. ఫొటోలకి దానికి మించిన చోటు లేదు. కాకపోతే దల్మా ఏనుగుల అభయారణ్యం. ‘మేళం మోగితే అవి కూడా వస్తాయేమో, వాటికీ విస్తరి వెయ్యాలా?’ అని వదిన అడిగింది. డిమ్నా పోయింది.

తరవాత దోముహానీ. సోనారీ దగ్గర ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటు. రెండు నదులు, రెండు జీవితాలు అంటూ పిల్ల కళ్లు మెరిశాయి. అన్నయ్య కళ్లూ మెరిశాయి గానీ కారణం వేరు. సువర్ణరేఖ ఇసక కడిగి బంగారు రేణువులు ఏరుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ‘చుట్టాలందరికీ తలో చేటా ఇచ్చి పొద్దున్నే ఇసకలోకి దింపుదాం, సాయంత్రానికి మంగళసూత్రాలకి సరిపోతుంది’ అన్నాడు. ఇవాళ్టి బంగారం ధర విన్న ఆడపిల్ల తండ్రి అలాగే మాట్లాడతాడు, ఏమనకండి.

జూబ్లీ పార్కు పేరూ వచ్చింది. మైసూరు బృందావనం తరహాలో వేసిన తోట, 1958లో నెహ్రూగారు ప్రారంభించారు. గులాబీలున్నాయి, ఫౌంటెన్లున్నాయి. ‘పక్కనే జూ కూడా ఉంది, మగపెళ్లివారికి విడిది వెతుక్కోనక్కర్లేదు’ అన్నారు మా నాన్న పేపరు దించకుండానే. మగపెళ్లివారు ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్లు. ఈ మాట వాళ్లదాకా వెళ్లకుండా చూసుకున్నాం.

విడ్డూరమైన పెళ్లిళ్లు మన తెలుగువాళ్లకి కొత్తేం కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు పోలీసు బందోబస్తు కావలసి వచ్చింది. త్రిపురనేని రామస్వామిగారు, వధూవరులకి తెలియని మంత్రాలెందుకని ‘వివాహ విధి’ని తెలుగులోనే రాశారు. గోరాగారి అమ్మాయి కులాంతర వివాహం గాంధీగారు పోయిన కొద్ది వారాలకే, 1948లో, సేవాగ్రాంలో జరిగింది. ఆ రోజుల్లో పెళ్లి తీరు మారిస్తే చుట్టాలు రావడం మానేసేవారు. ఇప్పుడు చుట్టాలు వచ్చిపడతారన్న భయంతో పెళ్లి తీరు మారుస్తున్నాం.

పిల్ల చదువుకున్నది కదా, 1955 హిందూ వివాహ చట్టం కూడా తిరగేసింది. సప్తపదితో చేసే పెళ్లికి ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయినట్టేనట. ‘ఏడడుగులు చాలు నాన్నా, మిగతాదంతా మీ ఖర్చు’ అంది. పెళ్లంటే ఆటపాటలూ విందూ మందూ కాదని 2024లో సుప్రీంకోర్టు అన్న మాట అన్నయ్య ఎక్కణ్నించో పట్టుకొచ్చి, సంగీత్ రద్దు చేయించడానికి పనికొస్తుందేమోనని జేబులో పెట్టుకు తిరిగాడు. పనికి రాలేదు.

చివరికి చోటు తేల్చింది అర్థమూ కాదు, అందమూ కాదు, కంపెనీ గేటు. బిష్టుపూర్‌లో మా తెలుగువాళ్ల రామమందిరం ఉంది. గేటుకి దగ్గర, డ్యూటీ దిగినవాడు ఇంటికి పోకుండా నేరుగా రావచ్చు. ముహూర్తం తెల్లవారుజామున మూడూ నలభైకి. సి షిఫ్టువాళ్లు రాత్రి తొమ్మిదికే అక్షింతలు ముందస్తుగా వేసేసి, గబగబా తిని వెళ్లిపోయారు. బి షిఫ్టువాళ్లు పదిన్నరకి, హెల్మెట్లు బల్ల కింద పెట్టి పంక్తిలో కూర్చున్నారు. ఎ షిఫ్టువాళ్లు తాళి కట్టడం చూసి, ఉప్మా తిని అటునుంచటే డ్యూటీకి పోయారు. వంటవాడు మాత్రం మూడు షిఫ్టులూ చేశాడు.

మా పక్కింటి బిహారీ ఆంటీ ఎనిమిదింటికే పట్టుచీరతో దిగి, జయమాల ఎప్పుడని అడిగింది. తెల్లారగట్లనగానే కుర్చీలో కూలబడింది. పాపం, తెల్లారేదాకా కూర్చుంది కూడా. జీలకర్రా బెల్లం ముద్ద తమలపాకులో పెట్టి తెస్తుంటే ప్రసాదమనుకుని చెయ్యి చాచింది. అది నెత్తిన పెడతారని చెప్పాక చెయ్యి వెనక్కి తీసుకుని, ఒకసారి తన జుట్టు తడుముకుంది.

అర్థం సంగతి పిల్ల వదల్లేదు. ప్రతి మంత్రానికీ తెలుగులో భావం చెప్పాలని పంతులుగారితో ముందే ఒప్పందం చేసుకుంది. కన్యాదానం దగ్గర పెళ్లికొడుకు ‘నాతిచరామి’ అన్నాక ఆయన మైకులో విడమరిచారు: ధర్మంలోనూ, డబ్బు విషయంలోనూ, కోరికల్లోనూ నిన్ను దాటి నడవను అని మాటిస్తున్నాడు.

మా అమ్మ ఉలిక్కిపడింది. ‘డబ్బు యిసయంలో కూడానా? ఈయన జీతం ఎంతో రిటైరయ్యే దాకా నాకు తెల్దే!’

మండపం అంతా మా నాన్న వైపు తిరిగింది. ఆయన తాపీగా, ‘జీతం సంగతి మంత్రంలో ఉందేమో. ఓవర్‌టైం సంగతి లేదు’ అన్నారు.

టాటాలో తెలుగు పెళ్లికి మీకెప్పుడైనా పిలుపొస్తే శుభలేఖలో ముహూర్తం చూసి బయల్దేరకండి. పెళ్లికూతురి తండ్రికి ఫోను చేసి, ఏ షిఫ్టు పంక్తిలో మీ విస్తరి వేశారో కనుక్కోండి.