పాత కంపైలరు ఆత్మకథ

మనుష్యుడు తనకు తెలిసిన యక్షరములలో వ్రాయు నాజ్ఞలను యంత్రమునకు తెలిసిన సంఖ్యలలోనికి మార్చు దుబాసీ వృత్తి నాది. నన్ను టర్బో సి ప్లస్ ప్లస్ అందురు. బోర్లాండు సంస్థ మా వంశమున మొదటి సి కంపైలరును 1987లో వెలువరింపగా, 3.0 సంచికనైన నేను 1991లో పుట్టితిని. నీలితెర, దానిపై పసుపుపచ్చని యక్షరములు, కంట్రోలుతో ఎఫ్9 నొక్కినంతనే ఫలితము: తెలుగునాట ఇంజనీరింగు, పాలిటెక్నిక్ కళాశాలలలో సి నేర్చినవారు నన్ను మరచియుండరు. రాజమహేంద్రవరమున చదువుచున్న యొక విద్యార్థి నన్ను ఫ్లాపీలలో నింపుకొని, సెలవులకు ఇంటికి పోవుచు కడియము స్టేషనులో రైలు దిగిననాటినుండి నాకు ఈ యూరే నివాసమైనది.

అతని తండ్రిది నర్సరీ. ఎఱ్ఱమట్టియు కొబ్బరిపొట్టును కలిసి తడిసిన వాసన కిటికీగుండ ఆఫీసుగదిలోనికి వచ్చుచుండెడిది. వాకిట క్రోటన్లును మామిడి యంట్లును లారీల కెక్కుచుండెడివి. ఆ విద్యార్థి పదిరాత్రులు మేల్కొని మొక్కల పద్దు చూచు ప్రోగ్రాము నొకదానిని వ్రాయగా, నేను దానిని యంత్రభాషలోనికి దింపితిని. మొక్క పేరునకు ఇరువది గడులు, లెక్కకు ఒక పూర్ణసంఖ్య. నా కాలమున పూర్ణసంఖ్య యనగా రెండు బైట్లు. అందు 32,767కు మించిన లెక్క యిమడదు. దసరా వెళ్లిన వారమున బంతినారు నలుబదివేలని నమోదు చేయగా తెరపై మైనస్ 25,536 అని కనబడినది. రైతుగారు కళ్లజోడు సవరించుకొని, "నారు అమ్మకముందే అప్పెలా పడిందిరా?" అని కొడుకు నడిగిరి. నా గడిలో పట్టినంత పట్టినది. పట్టలేదని చెప్పుటకు నాకు నోరు లేకపోయెను.

అంతకంటె గొప్ప దోషము మఱియొకటి కలదు. పేరు చదువుటకు ఆ విద్యార్థి, నాటి పాఠములలో నేర్పిన రీతినే, గెట్స్ అను ఫంక్షనును వాడెను. ఆ ఫంక్షను గడులెన్ని యని అడుగదు. ఎంత టైపు చేసిన నంత నింపుచు పోవును. ఒకనాడు బోగన్‌విల్లియా పేరును సవరించుచు రంగును, కుండీ కొలతను కూడ చేర్చి వ్రాయగా, ఇరువదవ గడి దాటిన యక్షరములు ప్రక్కనున్న లెక్కపై బడి, మూడువందల మొక్కలు పాతికవేలు దాటినవి. నర్సరీలో ఇది పద్దు తప్పు. వెలుపలి లోకమున దొంగలు దూరుటకు ఇదే త్రోవ యైనది: 1988 నవంబరు 2వ తేదీన రాబర్ట్ మోరిస్ విడిచిన ప్రోగ్రాము, ఫింగర్ అను సేవలోని యీ గెట్స్ పిలుపును ఒక ద్వారముగా చేసికొని, ఇంటర్నెట్టుపై నున్న వేలకొలది యంత్రములలో ప్రవేశించెను. తుదకు 2011 నాటి సి ప్రమాణము ఆ ఫంక్షనును తొలగించినది. నేను మాత్రము నేటికిని దానిని ఒక్క హెచ్చరికయైన లేక అంగీకరింతును, ఏలయన 1991తో నా చదువు ముగిసినది.

కాలక్రమమున ఆ విద్యార్థి గృహస్థుడయ్యెను. అతని కుమార్తె కంప్యూటరు చదువునకు వచ్చినది. ఆమె క్రొత్త యంత్రమున నా ప్రక్కనే జిసిసి అను కంపైలరును నిలిపినది. వయస్సున అది నాకంటె పెద్ద. 1987లో రిచర్డ్ స్టాల్మన్ వెలువరించినది. అయినను ఏటేట చిగిర్చుచు వచ్చుటచేత నేటిదైనది. పాత ప్రోగ్రామును దానికిచ్చి, పాత పద్దును తెఱచి చూడగా మొదటి మొక్క మొదలుకొని యంతయు గందరగోళము. నా లెక్కలో ఒక్కొక్క నమోదు ఇరువదిరెండు బైట్లు; జిసిసికి పూర్ణసంఖ్య నాలుగు బైట్లు గనుక అదే నమోదు ఇరువదినాలుగు. వాకిట అంట్లు కట్టుచున్న యొక పెద్దాయన నాటుమామిడి మొలకపై కొత్తపల్లి కొబ్బరి పుల్లను నిలిపి, రిబ్బను చుట్టుచు, "పుల్లా మొక్కా ఒకే లావుండాలమ్మా, తేడా వస్తే అంటు పట్టదు" అనెను. ఆమె లోనికి వచ్చి, లెక్కకు రెండు బైట్లే యని క్రొత్త ప్రోగ్రాములో స్పష్టముగ వ్రాసినంతనే పద్దు చదువ వచ్చినది.

అయినను నన్ను తుడిచివేయలేదు. క్రొత్త లెక్క సరియని చెప్పవలెనన్న పాత లెక్కతో సరిచూడవలెను. పాత లెక్క చేయగలవాడను నేనొక్కడనే. 64 బిట్ల విండోసుపై నా పదునాఱు బిట్ల దేహము నడువదు గనుక డాస్‌బాక్స్ అను నెమ్యులేటరులో నాకు నివాస మేర్పఱచిరి. అచట తొలినాడే ప్రమాదము తప్పినది. మౌంట్ అను నాజ్ఞతో, స్నేహితు లందఱు చేయునట్లే, సి డ్రైవు నంతటిని ఆమె నా చేతి కిచ్చినది. నేను పుట్టిన డాస్‌లో ప్రోగ్రామునకును ప్రోగ్రామునకును నడుమ గోడ లేదు; ఎవడైన నేమైన వ్రాయవచ్చును. నాచే కట్టబడిన ప్రోగ్రాము త్రోవ తప్పిన, ఆ యింటి ఫోటోలు, బ్యాంకు కాగితములు సమస్తమును దానికి అందుబాటు. టీ గ్లాసుతో గుమ్మమున నిలిచిన పెద్దాయన ఈ సంగతి విని, "తెగులు మొక్కని మడిలో గుంపుతో పెడతామేటండీ? ఎడంగా పెట్టి వేరే నీళ్ళు పోస్తాం" అనెను. ఆమె ఆ యాజ్ఞను చెరిపి, నాకు ఒక్క ఫోల్డరు మాత్రమే చూపి, నెట్టు తీగను ఊడదీసినది. ఇది తగినపని. డాస్‌బాక్స్ ఆటలు ఆడించుటకు పుట్టినది. దానిని కావలివానిగా నమ్ముకొనుట కూడదు.

జిసిసిని నేను మెచ్చుకొందును. 2006లో వచ్చిన 4.1 సంచికనుండి అది స్టాకు అను స్మృతిభాగముపై ఒక రహస్యసంఖ్యను కావలి నిలుపగలదు. అక్షరములు పొంగి ఆ సంఖ్య చెదిరిన ప్రోగ్రామును అచటనే ఆపివేయును. కాని ఒకే నమోదులో పేరు పొంగి లెక్కపై బడిన, ఆ కావలికి కనబడదు. క్రొత్తదానికి తెలివి యెక్కువగుటచేత వచ్చు చిక్కును కలదు. 2009లో లినక్సు కెర్నలునందు, ఒక పాయింటరును ముందు వాడి తరువాత అది శూన్యమా యని పరీక్షించు పంక్తి యుండగా, వాడితివి గనుక శూన్యము కానేరదని తర్కించి జిసిసి ఆ పరీక్షనే తీసివేసినది. తప్పు మనుష్యునిదే యైనను ద్వారము తెఱచుకొన్నది. ఆనాటి పంక్తిని నావంటి మందబుద్ధి యున్నదున్నట్లు దింపియుండును. అందుచేతనే పాత ప్రోగ్రామును క్రొత్త కంపైలరుకు అప్పగించినపుడు హెచ్చరికల నన్నిటిని తెఱచి, ఒక్కొక్కటి చదివి, పాత ఫలితముతో పోల్చిన పిమ్మటనే నమ్మవలెను.

ఇంకొక మాట. విద్యార్థులు నన్ను ఊరు పేరు లేని చోట్లనుండి జిప్ ఫైళ్లుగా దింపుకొనుచున్నారు. కంపైలరే కలుషితమైనచో మూలగ్రంథము నిర్మలముగ నున్నను దానినుండి పుట్టు ప్రోగ్రాములో విషముండవచ్చునని, ట్యూరింగ్ పురస్కారము నందుకొన్న కెన్ థామ్సన్ తన యుపన్యాసమున చూపెను. అది 1984లో అచ్చయినది. అట్టి ప్రతులలో నున్నది నేనేనని నేను హామీ యీయలేను.

అధ్యాపకులారా, పిల్లలకు తొలిపాఠము నాతో చెప్పింపకుడు. గెట్స్‌ను కాదనగల కంపైలరుతో మొదలిడుడు. పాత పద్దులు గలవారలారా, అవి క్రొత్త రూపమునకు మాఱి సరిపోలువఱకు నన్నుంచుకొనుడు. అంతవఱకు నాకు ఒక్క ఫోల్డరు చాలును, నెట్టు తీగ వలదు.